పాట క్రింద ఎవరి పేరు?

గడచిన నెలలో ఒక ఆదివారమున ఆరాధన ముగిసి, జనులు చెప్పులు తొడుగుకొని ఇండ్లకు పోవుచుండగా ఒక యౌవనుడు మా యొద్దకు వచ్చి నిలిచెను. ఇతడు గాజువాక ప్రక్కనున్న నిర్వాసితుల కాలనీలో పుట్టి పెరిగినవాడు. ఉక్కు కర్మాగారములో కాంట్రాక్టు పని చేయుచు సాయంకాలములందు పాటలు పాడుచుండును. క్రిస్మసు రాత్రి డోలకు మెడకు తగిలించుకొని అందరికంటె ముందు నడచువాడు ఇతడే. విశాఖపట్నములో ఒక చిన్న స్టూడియోలో ఏడు పాటలు పాడి రికార్డు చేయించితినని, అది తన మొదటి ఆల్బమని సంతోషముతో చెప్పెను. మేమును సంతోషించితిమి. అయినను అతని ముఖములో ఏదో చిక్కు కనబడెను.

"అయ్యగారూ, ఏడు పాటలూ మా అమ్మమ్మ పాడినవే. నేను కట్టింది ఒక్క ముక్క కూడా లేదు. ఫోనుల్లోకి ఎక్కించాలంటే ఒక ఫారం నింపాలి. పాడినవారు ఎవరు అన్నచోట నా పేరు వేశాను. రాసినవారు ఎవరు అన్న గడి దగ్గర చెయ్యి ఆగిపోయింది. స్టూడియో ఆయన, నీ పేరే వేసెయ్యి, అడిగేవాడు ఎవడు అంటున్నాడు. మీరేమంటారు?"

మాకు వెంటనే జవాబు తోచలేదు. దొంగిలకూడదను ఆజ్ఞ చిన్న పిల్లలకు నేర్పుటలో మాకు అలవాటున్నది గాని, దొంగిలింపబడినవారు ఎవరో తెలియని చోట ఏమి చెప్పవలెను? ఇల్లు పోయినయెడల ఇంటివాడు కేకవేయును. పాటను ఎత్తుకొనిపోయినయెడల పాట ఇంకను ఇంటనే ఉండును, కేకవేయువాడును ఉండడు. ఆలోచించి వ్రాసెదమని అతనిని పంపివేసితిమి. ఆ ఆలోచన ఇంతవరకు సాగినది గనుక పాఠకుల ముందు పెట్టుచున్నాము. మన గ్రామములలో ఏదో ఒక ఇంట ఇట్టి పాటలు పాడు అవ్వ ఉండకపోదు గనుక ఇది ఒక్క యౌవనుని సంగతి కాదు.

మొదట ఆ పాటలు ఎట్టివో చెప్పవలెను. ఏడింటిలో నాలుగు ఊడుపు పాటలు, రెండు జోలపాటలు, ఒకటి వల లాగు పాట. ఆ అమ్మమ్మ కాపురము చేసిన ఊరు ఇప్పుడు లేదు. విశాఖకు ఉక్కు కర్మాగారము కావలెనని 1966లో గొప్ప ఆందోళన జరిగి పలువురు ప్రాణములు పోగొట్టుకొనిన సంగతి మన పెద్దలకు జ్ఞాపకమున్నది. 1971లో బాలచెరువు యొద్ద శంకుస్థాపన జరిగెను, 1992లో కర్మాగారము జాతికి అంకితమాయెను. దానికొరకు పదులకొలది గ్రామముల భూములు తీసికొనబడెను. ఆ కర్మాగారమువలన వేలాది కుటుంబములు అన్నము తినినవి, మన సంఘస్థులలోనూ అనేకులు తినిరి. అయితే ఆ అమ్మమ్మ నడుము వంచి నాటిన మడి మీద ఇప్పుడు ఏమున్నదో ఆమెకే తెలియదు. కాలనీలో ఇంటి స్థలము దొరకినది గాని మడి దొరకలేదు. మడి లేనిచోట ఊడుపు పాట ఎందుకు? ఆమె మనుమడికి నిద్ర రానప్పుడు దానినే జోలపాటగా పాడెనట. ఇతడు నేర్చుకొనినది ఆ విధముగానే.

ఊడుపు పాట పాడు విధము పట్టణములో పెరిగిన పిల్లలు ఎరుగరు. దమ్ము చేసిన మడిలో స్త్రీలు వరుసగా నిలిచి, ఆకుమడినుండి తెచ్చిన నారు కట్టలు ప్రక్కన పెట్టుకొని, వంగి నాటుచు వెనుకకు అడుగు వేయుదురు. వారిలో ఒకతె పాట ఎత్తును. మిగిలినవారు అందుకొందురు. ఎత్తునామెకు గొంతుతోపాటు కన్నుకూడ ఉండవలెను. ఎవతె వెనుకబడినదో, ఎవతెకు ఒంట్లో బాగులేదో, ఎండ ఎంత ఎక్కినదో చూచి ఆమె పాటను సాగదీయును, లేక తొందరచేయును. గట్టుమీద గొడుగు పట్టుకొని నిలిచిన కామందు తొందరపెట్టినప్పుడు అతనికి తగిలీ తగలనట్టు ఒక చరణము అప్పటికప్పుడు కట్టి వేయును. అతడు వినియు వినన‌ట్టు ఉండవలసినదే, ఏలయనగా పాట ఆగినచో పని ఆగును. ఈ విధముగా ప్రతి ఏట ప్రతి మడిలో పాట కొంచెము మారును. ఒకరు కట్టినది అనుటకు వీలులేదు, ఎవరును కట్టలేదు అనుటకును వీలులేదు. చీకటితో లేచి పిల్లకు పాలిచ్చి మడికి వచ్చిన స్త్రీలు నలభై ఏబది మంది నడుము నొప్పిలో పుట్టినది అది.

వల లాగు పాట సంగతి ఇంకను చిత్రము. ఆమె పుట్టినిల్లు సముద్రమునకు సమీపమట. జాలరివారు ఒడ్డున వల లాగుచు పాడినది పిల్లగా నిలిచి విని నేర్చుకొనినదట. అనగా అది ఆమె కులము వారి పాట కాదు, ఆమె పనికి సంబంధించిన పాటయు కాదు. పాటకు పొలిమేర లేదు. ఇప్పుడు ఆమె మనుమడు దానిని పాడుచున్నాడు. జాలరిపేటవారు వచ్చి ఇది మాది అందురా? అనినచో ఏమి చెప్పవలెను?

చట్టము ఏమి చెప్పుచున్నదో ఎరిగిన ఒక మిత్రుని అడిగితిమి. 1957 నాటి కాపీరైటు చట్టము ప్రకారము ఒక రచన మీద హక్కు, దానిని కట్టినవాడు బ్రతికినంత కాలమును, అతని మరణము తరువాత 60 సంవత్సరములును ఉండును. రికార్డు చేసిన ధ్వనికి అది వెలువడిన తరువాత 60 సంవత్సరములు హక్కు ఉండును. పాడువారికి, ఆడువారికి తమ ప్రదర్శన మీద ప్రత్యేకమైన హక్కు 1994లో వచ్చెను. ఆ ప్రదర్శన తమదని పేరు చెప్పించుకొను హక్కు 2012 సవరణతో వచ్చెను. ఎవరు కట్టిరో తెలియక తరతరములుగా నోట నడచుచున్న పాట అందరిదే, ఎవరైనను పాడవచ్చును. ఇది న్యాయముగానే ఉన్నది. అయితే దీని ఫలమేమో చూడుడి. మైకు ముందు నిలిచి పాడిన మనుమనికి హక్కు ఉన్నది. మడిలో మైకు లేదు గనుక అవ్వను చట్టము ఎరుగదు. స్టూడియో యజమాని చెప్పినమాట నిజమే, అడుగువాడు ఎవడును లేడు. కాని అడుగువాడు లేడు గనుక చేయవచ్చును అనునది సమాధానము కాదని మన యౌవనునికే తెలిసినది. తెలియకపోయినయెడల చెయ్యి ఏల ఆగును?

ఇట్టి చిక్కు మన తెలుగు దేశములో ఇంతకుముందు బహిరంగముగానే వచ్చినది. 2021లో 'లవ్ స్టోరీ' అను చలనచిత్రములోని 'సారంగ దరియా' అను పాట వెలువడి ఊరూరా మ్రోగెను. తెలంగాణలోని వరంగల్లు ప్రాంతపు గాయని కోమల, తాను తన అమ్మమ్మ యొద్ద నేర్చుకొని అంతకుముందే టెలివిజనులో పాడి వెలుగులోనికి తెచ్చిన జానపదమే దీనికి మూలమని చెప్పెను. వాదములు జరిగెను. చివరకు ఆమెకు గుర్తింపు ఇచ్చెదమని చిత్ర దర్శకుడు అందరి యెదుట ఒప్పుకొనెను. ఈ వివాదములో ఎవరిది ఎంత న్యాయమని తూచుట మా పని కాదు. మమ్మును ఆపినది ఒక చిన్న సంగతి. అక్కడ కూడ ఒక అమ్మమ్మ ఉన్నది. అంత గొడవలో మనుమరాలి పేరు మనకు తెలిసెను, పాట కట్టిన కవి పేరు తెలిసెను, సినిమాలో పాడిన గాయని పేరు తెలిసెను. అమ్మమ్మ పేరు ఎందరికి తెలియును?

దీనికి విరుద్ధమైన సంగతియు ఒకటి మన ప్రాంతములోనే ఉన్నది. పార్వతీపురము దాపున పెదబొండపల్లిలో పుట్టి, విశాఖపట్నము షిప్‌యార్డులో ఫిట్టరుగా పనిచేసిన వంగపండు ప్రసాదరావు గారు 2020లో మరణించిరి. ఆయన కట్టిన పాట ఒకటి 1986లో వచ్చిన 'అర్ధరాత్రి స్వతంత్రం' చిత్రములోనికి వెళ్లి జనుల నోట ఎంతగా నిలిచెననగా, అది తాతలనాటి పాట అని తలంచినవారిని మేమే ఎరుగుదుము. కట్టినవాడు అదే పట్టణములో బస్సు ఎక్కుచుండగానే అతని పాట తల్లిదండ్రులు లేని పాట ఆయెను! ఆయన రాజకీయములన్నిటితో ఏకీభవింపనివారును ఆ పాటను పాడుదురు. కాబట్టి 'జానపదము' అను ముద్ర వేయుట ఎల్లప్పుడు వినయము కాదు. కొన్నిసార్లు విచారించుటకు సోమరితనము.

ఇక ఆ యౌవనుడు తన ఫోనులో మాకొక పాట వినిపించెను. ఆంగ్లములో ఒక స్త్రీ, వాద్యముల హంగు లేకుండ, ప్రక్కింటి ఆడపడుచు పాడినట్టు పాడుచున్నది. ఆమె షర్లీ కాలిన్స్ అను గాయని. ఇంగ్లాండు దక్షిణ తీరమున హేస్టింగ్స్ అను ఊరివారు, 1935లో పుట్టినవారు. యుద్ధకాలములో విమానములు బాంబులు వేయుచుండగా నేలక్రింది ఆశ్రయములో పిల్లలకు భయము తీరుటకై తాతగారు పాడిన పాటలు ఆమెకు మొదటి పాఠములు. 1959లో వెలువడిన ఆమె మొదటి ఆల్బము 'స్వీట్ ఇంగ్లాండ్' అట్టి పాత పాటలతో కూర్చినది. పాడువారు పాటకు అడ్డముగా నిలువరాదు, పాట తమగుండ నడచిపోవలెనని ఆమె జీవితమంతయు చెప్పుచు వచ్చిరి. తాము పాడిన పాట ఏ కూలివాని నోటినుండి, ఏ ఊరినుండి వచ్చినదో చెప్పుటలో ఆమె శ్రద్ధగలవారు. మన గాజువాక యౌవనుడు ఉక్కు కర్మాగారము గేటు యొద్ద టీ త్రాగుచు ఆమెను వినెనట. అమ్మమ్మ పాటలు రికార్డు చేయవచ్చునను తలంపు అప్పుడే పుట్టినదట.

అది విన్న తరువాత ఇంగ్లాండు దేశపు పాత పాటల సంగతి మేము కొంత చదివితిమి. చదువగా, అవి మన ప్రార్థన మందిరములకు ఎంత సమీపముగా ఉన్నవో తెలిసి ఆశ్చర్యపడితిమి. 1903 సెప్టెంబరులో సామర్సెట్ సీమలో హాంబ్రిడ్జి అను పల్లెలో చార్లెస్ మార్సన్ అను పాదిరిగారి ఇంటికి సెసిల్ షార్ప్ అను సంగీతోపాధ్యాయుడు అతిథిగా వచ్చెను. తోటలో గడ్డి కోయుచున్న పనివాడు తనలో తాను పాడుకొనుచుండగా షార్ప్ విని, కాగితము పెన్సిలు తీసి వ్రాసికొనెను. తోటమాలి పేరు జాన్ ఇంగ్లాండు. ఆ సాయంకాలమే సంఘపు గాయకబృందము విందులో, అదే పాట పియానోతో జతచేయబడి, నేర్పుగల గాయని నోట పాడబడెను. ఉదయము కొడవలితో నున్న పాట రాత్రికి దొరసాని దుస్తులు తొడుగుకొనెను. అక్కడినుండి షార్ప్ జీవితమంతయు తిరిగి దాదాపు 5,000 రాగములు సేకరించెను. 1904లో వెలువడిన మొదటి పుస్తకము మీద షార్ప్ పేరు, పాదిరిగారి పేరు ఉన్నవి. తోటమాలి పేరు ఎట్లు నిలిచెననగా, షార్ప్ ఎవరి నోట ఏ ఊరిలో ఏ దినమున వింటినని నోటుపుస్తకములో వ్రాసికొను అలవాటుగలవాడు. ఆ ఒక్క అలవాటు లేకపోయినయెడల జాన్ ఇంగ్లాండు ఎవరో ఈ దినమున మనకు తెలియకపోవును.

మూడు సంవత్సరములకు, 1906లో, ఇంగ్లాండు సంఘమునకు ఒక క్రొత్త కీర్తనల పుస్తకము వచ్చెను. దానికి రాగములు కూర్చినది వాన్ విలియమ్స్ అను గొప్ప సంగీతకారుడు. ఆయన పల్లెలలో తిరిగి విన్న కూలివారి పాటల రాగములను తీసి కీర్తనలకు పెట్టెను. ఆ దేశములో క్రిస్మసు దినములలో బేత్లెహేమును గూర్చి పాడు కీర్తనకు ఆయన పెట్టిన రాగము, దున్నువాని పాటగా ఒక ముసలివాడు 1903లో ఆయనకు పాడి వినిపించినది. ఆ పల్లె పేరు ఫారెస్ట్ గ్రీన్. రాగమునకు ఆ పల్లె పేరే పెట్టబడినది. ససెక్స్ సీమలో వెరల్ అను పేదరాలు పాడిన మరియొక రాగమునకు మాంక్స్ గేట్ అను ఊరి పేరు పెట్టబడినది. కీర్తన తలమీద ఈ దినమునకును ఆ ఊరి పేరు అచ్చుపడుచునే యున్నది. పాడిన మనుష్యుని పేరు మాత్రము తలమీదికి రాలేదు. సగము అప్పు తీర్చినట్టయినది.

పాఠకులారా, ఈ పద్ధతి ఇంగ్లాండులో పుట్టినదని తలంచవద్దు. మీ బైబిలు తెరచి 22వ కీర్తన తలమీద చిన్న అక్షరములలో నున్నది చూడుడి. అయ్యలెత్ షహరు అను రాగముమీద పాడదగినదని యున్నది. ఆ హెబ్రీ మాటలకు అర్థము ఉదయకాలపు లేడి. 57, 58, 59, 75 కీర్తనల మీద అల్తష్హేతు అను రాగము పేరు కనబడును. దాని అర్థము నాశనము చేయకుము అని. ఇవి ఆనాటి జనులు ఎరిగిన పాత పాటల మొదటి మాటలనియు, ఆ రాగములలో ఈ కీర్తనలు పాడవలెనని సూచించుటకు వ్రాసిరనియు పండితులనేకులు తలంచుచున్నారు. యెషయా గ్రంథము 65వ అధ్యాయములోని ద్రాక్షగెల సంగతిని బట్టి అల్తష్హేతు అనునది ద్రాక్షపండ్లు కోయువారి పాట కావచ్చునని కొందరందురు. అది నిజమైనయెడల, మనము చదువక దాటిపోవు ఆ చిన్న అక్షరములలో ఎండలో గంపలు మోసిన కూలివారి పాట పేరు వేల సంవత్సరములుగా నిలిచియున్నది. వారి పాట మాటలు పోయినవి, రాగము పోయినది. అప్పు చీటీ మాత్రము పోలేదు.

మన విశాఖపట్నములో కూడ ఇట్టి చీటీ ఒకటి మరుగున పడియున్నది. 1805లో లండను మిషనువారు ఇక్కడికి వచ్చిరి. డెస్ గ్రాంజెస్ దొరగారు తెలుగులోనికి తర్జుమా చేసిన మొదటి మూడు సువార్తలు ఆయన మరణము తరువాత 1812లో సేరంపూరులో అచ్చుపడెను. మన సంఘ చరిత్రలు ఆ దొరగారిని గౌరవముతో తలంచుచున్నవి, అది యుక్తమే. అయితే ప్రక్కన కూర్చుండి ఈ మాటకు తెలుగు మాట ఇది అని చెప్పినవాడు ఆనందరాయరు అను దేశస్థుడు. ఆయన పేరు మన సంఘములలో ఎందరికి తెలియును? పాటకైనను వాక్యమునకైనను, నోటితో ఇచ్చినవాడు వెనుకకు పోవును, చేతితో వ్రాసినవాడు ముందుకు వచ్చును.

ఇక మన తెలుగు పాటల సంగతి. కాకినాడలో 1920లో పుట్టిన వింజమూరి అనసూయాదేవి గారు, ఆమె చెల్లెలు సీతాదేవి గారు జానపదములను సభావేదిక మీదికి తెచ్చినవారిలో మొదటివారు. పల్లె పాట సంగీత సభకు తగదని పెద్దలు మొగము చిట్లించుకొను దినములవి. గ్రామఫోను రికార్డులలోను, మద్రాసు రేడియోలోను ఆ అక్కచెల్లెండ్ర కంఠములు విని, మా ఇంటి పాట కూడ పాటయేనా అని ఆనందించిన పల్లెవారెందరో! అనసూయాదేవి గారు ఆ పాటలను స్వరములతో పుస్తకములుగా వేయించిరి. ఆంధ్ర విశ్వవిద్యాలయము 1977లో ఆమెకు కళాప్రపూర్ణ బిరుదునిచ్చెను. 2019లో అమెరికాలోని హ్యూస్టనులో మరణించిరి. వారు చేసిన మేలు చిన్నది కాదు. అయితే గ్రామఫోను రికార్డు ఒక ప్రక్క నడచునది మూడు నిమిషములు, దాని నడుమనున్న చీటీ అరచేయంత. పాట పేరు, పాడినవారి పేరు, కంపెనీ పేరు పట్టును. ఇది ఏ మడిలో పుట్టినదని వ్రాయుటకు చోటు లేదు. ఆనాడు చోటు లేదని చెప్పుకొనవచ్చును. ఈనాడు ఫోనులో ఎంత వ్రాసినను చోటున్నది గదా!

ఇక్కడ మా మనస్సాక్షిని కుట్టుచున్న సంగతి ఒకటి చెప్పకుండ దాటలేము. ఈ పాటలను మన సంఘములే ఇంటినుండి వెళ్లగొట్టలేదా? మన తాతలు విశ్వాసములోనికి వచ్చినప్పుడు డప్పును గడపవెలుపల పెట్టిరి. దానికి తగిన కారణమున్నది. డప్పు వారికి సంగీతము కాదు, వెట్టి. చావునకు కొట్టవలెను, చాటింపునకు కొట్టవలెను, కూలి అడుగరాదు. దానిని విడిచిపెట్టుట వారికి స్వాతంత్ర్యము. ఆ పెద్దలను తప్పుపట్టువారు ఆ డప్పును ఒక్క దినము మోయలేదు. కాని డప్పుతోకూడ ఊడుపు పాటను, దంపుడు పాటను, జోలపాటను కూడ ఏల బయట పెట్టితిమి? బావమరదళ్ల సరసము ఉన్నదని ఒక కారణము, అన్యుల పాట అని మరియొకటి. ఇంగ్లాండు దున్నువాని రాగము కీర్తనల పుస్తకములో పవిత్రమైనది. మన దున్నువాని రాగము మాత్రము వాకిట నిలువవలసి వచ్చెను. ఈ యౌవనుని అమ్మమ్మ కూడ బాప్తిస్మము పొందిన తరువాత ముప్పది ఏండ్లు నలుగురిలో ఆ పాటలు పాడలేదట. చీకటిలో మనుమని నిద్రపుచ్చుటకు మాత్రమే పాడెనట. పాట ఒకటి చనిపోకుండ ఉండుటకు అంత సందు చాలినది.

మాటలు మార్చవచ్చునా అనునది వేరొక ప్రశ్న. ఊడుపు పాటలలో ఒకదానిలో కామందును ఎగతాళి చేయు చరణమున్నది. అది కొంచెము మోటుగా ఉన్నదని, వినువారు నొచ్చుకొందురని స్టూడియోవారు చెప్పగా ఇతడు దానిని విడిచిపెట్టి పాడెనట. 'క్రైస్తవ సైనికులారా సాగుడి' అని అర్థమిచ్చు కీర్తనను వ్రాసిన బేరింగ్ గూల్డ్ పాదిరిగారు కూడ డెవన్ సీమలో ముసలివారి పాటలు సేకరించి, అచ్చులో పెట్టదగవని తోచిన మాటలను మార్చి వ్రాసెను. మార్చినందుకు తరువాతివారు ఆయనను నిందించిరి. కాని ఆయన విన్నది విన్నట్టు వ్రాసిన ప్రతినికూడ ప్లిమత్ గ్రంథాలయమునకు అప్పగించెను గనుక పోయినదేదియు లేదు. పాదిరిగారి భయమును మేము గ్రహింపగలము, మాకును అట్టి భయములున్నవి. ఆయన నిజాయితీ మాకు అంతకంటె నచ్చినది. మార్చితినని చెప్పుట, మార్చనిదానిని దాచిపెట్టుట. ఆ చరణము కలిపి అమ్మమ్మ చేత పూర్తిగా పాడించి ఫోనులో వేరుగా ఉంచుమని మన యౌవనునికి చెప్పితిమి.

డబ్బు సంగతి త్వరగా ముగించెదము. మొదటి ఆల్బమునకు డబ్బు రాదు, చేతిది పోవును. వచ్చినయెడల అవ్వ చేతిలో కొంత పెట్టుట ఎవరును నేర్పనక్కరలేని సంగతి. బియ్యము సంచి ఇచ్చి పాట కొనితినని మాత్రము ఎవరును తలంచవద్దు.

మేము చివరకు తలంచినది ఇది. పాత పాట పాడువాడు రూతువలె పరిగె ఏరుకొనువాడు. పొలములో విడువబడినది ఏరుకొనుటకు అతనికి అధికారమున్నది, దానితో ఇంటికి అన్నము తేవచ్చును. కాని సాయంకాలము అత్త 'నేడు ఎక్కడ ఏరుకొంటివి?' అని అడిగినప్పుడు రూతు పొలము గలవాని పేరు చెప్పెను. తన పొలమని చెప్పలేదు, ఎవరి పొలమో తెలియదని కూడ చెప్పలేదు. 'సాంప్రదాయము' అని ఒక్క మాట వ్రాసి ఊరకుండుట ఆ రెండవ జవాబు వంటిది. అబద్ధము కాదు గాని అడుగకుండ చెప్పిన మాట. కాబట్టి అమ్మమ్మనే అడుగుదమని గడచిన శనివారము సాయంకాలము మేము ఆ యౌవనునితో కూడ కాలనీకి వెళ్లితిమి.

ఆమె వాకిట నులకమంచము మీద కూర్చుండి చింతపండు గింజలు తీయుచుండెను. వయస్సు ఎనుబదికి దగ్గరగా ఉండును. చూపు మందగించినది, చెవులు మాత్రము చురుకుగా ఉన్నవి. మేము సంగతి చెప్పి, మీ పేరు వేయించెదము మామ్మగారూ అనగా ఆమె నవ్వెను.

"నా పేరెందుకు అయ్యగోరూ? నానేటి కట్టినానా? మా ఊల్లో పాటెత్తీది ఇంకో ఆవిడ. ఆవిడెత్తితే మేం అందుకునీవోలం. ఆవిడ పోయినాక నానెత్తీదాన్ని, అంతే."

"ఆమె పేరేమి?" అని అడిగితిమి.

ఆమె చేతిలోని గింజ చేతిలోనే ఉండెను. చాలసేపు ఆలోచించెను. "పేరు తెల్దు బాబూ. మాకంత పెద్దది. అప్పా అని పిలిసీవోలం. అసలు పేరేటని ఎవులమూ అడగనేదు." మరల కొంతసేపటికి, "ఊరి పేరెయ్యండి. ఊరు నేదు గానీ పేరుంది కదా" అనెను.

యౌవనుడు గోడకు ఆనుకొని కూర్చుండి ఫోనులో వ్రాయసాగెను. ఊరి పేరు వ్రాసెను. ఆ ఊరి ఊడుపు మడులలో స్త్రీలు పాడినది అని వ్రాసెను. అమ్మమ్మ పేరు వ్రాసి, ఆమె నోట నేర్చుకొంటినని వ్రాసెను. వల లాగు పాటకు జాలరిపేట పేరు చేర్చెను. ఆ గడిలో అన్ని మాటలు పట్టవని ఫోను ఎఱ్ఱ గీత చూపెను. అతడు మాటలు కుదించుచు చెరిపి వ్రాయుచుండగా, వినిపించు నాయనా అని ఆమె అడిగినందున రికార్డు చేసిన పాటలు వరుసగా పెట్టెను. ఆమె తల ఊపుచు పెదవులు కదుపుచు వినెను. మూడవ పాట ముగిసినప్పుడు మాత్రము తల ఊపుట ఆపి మనుమని వైపు తిరిగెను.

"కామందు సరణం ఇడిసేసినావేట్రా? అది కట్టింది నానే."